తెల్ల బొద్దింకల మీద వేపాకు

మా చెల్లెలు చెన్నమ్మాళ్ కోడలు కోమలవల్లి బొద్దింకలు పెంచుతుంది. వంటింట్లో తిరిగే రకం కాదు, వేడిదేశాల నుంచి వచ్చిన డూబియా జాతి. ఒక్కొక్కటి దిండిగల్‌లో చేసే పెద్ద ఇనప తాళంకప్పంత ఉంటుందని నేను ఊరంతా చెప్పాను. కోమల మాత్రం బొటనవేలంతే అంటుంది. కొలవడానికి ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు. అవి నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, కంపు కొట్టవు. మదురైలో ఖరీదైన చేపలు పెంచేవాళ్ళకూ, కోయంబత్తూరులో బల్లులు పెంచే పిచ్చివాళ్ళకూ అవే మేత. తిరుమంగళంలోని ఇంటి వెనకగదిలో డబ్బాలు, వాటిలో కోడిగుడ్ల అట్టలు, తవుడు, క్యారెట్ ముక్కలు. వారానికోసారి మదురై మాట్టుతావణి బస్టాండుకి వెళ్ళి పార్సిళ్ళు బస్సెక్కిస్తుంది.

ఈ మే నెల వడగాడ్పుకి పెద్ద బొద్దింకలన్నీ చచ్చిపోయాయి. మిగిలింది ఒక్క డబ్బా. అందులోని నూటయాభై పిల్లలూ పాము కుబుసంలా ఒంటి మీది ఆఖరి పొర విడిచి పెద్దవైతేనే మళ్ళీ పిల్లల్ని పెడతాయి. ఆరేళ్ళుగా సాకిన మంద ఆ ఒక్క పొర మీద ఆగి ఉంది.

ఆ శుక్రవారం నేను కాఫీకి వెళ్ళేసరికి కోమల డబ్బా ముందు బిగుసుకుపోయి నిలబడి ఉంది. లోపలంతా వేపాకు, దానిమీద పసుపు.

“ఎవురు వేసింది?” అంది.

“నేనే,” అంది చెన్నమ్మాళ్. “తెల్లగా పాలిపోయి ఉండాయే, పావం! అమ్మ పోసిండాది ఇవిటికి. ఆకు పరవకుండా ఎట్లా?”

పొర విడిచిన బొద్దింక కొన్ని గంటలు పాలలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. మా చెల్లెలికి అది ఆటలమ్మగా కనబడింది. ఆటలమ్మ పోసినవాళ్ళను వేపాకు మీద పడుకోబెట్టడం మా ఇళ్ళలో రివాజు.

“జబ్బు కాదు అత్తా, పొర విడుస్తా ఉండాయి. వేపాకు తింటే పొర వీడదు, దాన్లోనే చిక్కి చస్తాయి. తీసేస్తా.”

“చెయ్యి పెట్టకు! అమ్మ దిగకుండా ఆకు తీస్తే ఇల్లు తాళదు. తీసేదయితే డబ్బా కూడా వీధిలోకి పోవాల.”

కోమల నా వైపు చూసింది. కాన్వెంటులో సిస్టర్ల బెత్తం నుంచి నన్ను ఎన్నోసార్లు కాపాడిన నాలుక నాది.

“ఆరుకాళ్ళవాటి జోలికి అమ్మ రాదు చెల్లీ. పుస్తకంలోనే ఉండాది.”

“నీ పుస్తకం నువ్వే రాసుకుంటివి. ఊరకుండు అన్నా.”

కోమల పీట తెచ్చి వేసింది. “కూర్చో అత్తా. ఆ తెల్లదాన్నే చూస్తా ఉండు. రంగు తిరిగితే అమ్మ దిగినట్టేనా?”

చెన్నమ్మాళ్ పీటను డబ్బా దగ్గరికి లాక్కుంది. “దిగినట్టే.”

కూర్చున్నాం. కాఫీ చల్లారిపోయింది. ఒక బొద్దింక పిల్ల వేపాకు అంచు కొరకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు రంపం కోతలా వినబడింది. కోమల రెండు చేతులూ ఒడిలో అదిమి పెట్టుకుంది. గంట గడిచింది. తెల్లది తెల్లగానే ఉంది. ఇంకో గంటకు దాని అంచులు తేనెరంగుకు తిరిగాయి. మూడో గంట దాటాక గోధుమరంగు వచ్చింది.

చెన్నమ్మాళ్ లేచి చెంపలు వేసుకుంది. “దిగింది తల్లి.”

కోమల చెయ్యి చాచింది.

“నువ్వు వద్దు, వణుకుతా ఉండావు,” అంటూ చెల్లెలే వంగింది. ఐదుగురు పిల్లలకు ఆటలమ్మ పోస్తే ఒక్క పొక్కు చిదమకుండా సాకిన వేళ్ళవి. అట్టలకు వేలాడుతున్న మెత్తటివాటిని తాకకుండా ఒక్కో ఆకే బయటికి తీసింది.

అయినా ఆ వారంలో ముప్పై దాకా సగం విడిచిన పొరలో చిక్కుకుని చచ్చాయి. కోమల రోజూ పొద్దున్నే వాటిని ఏరేది. చెన్నమ్మాళ్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఎనిమిదోనాడు ఏరడానికి ఏమీ లేదు. తొమ్మిదోనాడూ లేదు.

ఆగస్టు నెలలో ఒక పొద్దున నేను గేటు తీస్తుండగానే వెనకగదిలోంచి చెల్లెలి కేక వినబడింది.

“కోమలా, పరిగెత్తి రా! తెల్లగా ఉండాయి, బియ్యపు గింజంత పిల్లలు, తవుడు నిండా! నేను చెయ్యి పెట్టలే!”