ఎర్ర అక్షరాలు కూడా అప్పజెప్పిన బడి

రాండి, ఇట్ల దగ్గరికి జరగండి. ఆ గడపలో కూచుంటే గాలి తగులుతుందేగాని కత వినపడదు. చేతులు ఊరికే ఉంటే ఈ అనపకాయలు ఒలుస్తా ఉండండి, నేను చెప్తా ఉంటాను. మూడో తరగతి చదివిన నేను టీచరమ్మ అయిన కత ఇది.

మాది తమిళనాడులో హోసూరు దగ్గర, బాగలూరు పక్కన పూలు పండించే ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా తెలుగు బడికి ఐదు తరగతులు, ఒకే ఒక అయివారు. ఆయన ఒకటో తరగతికి దిద్దించి, ఐదో తరగతికి లెక్క చెప్పేలోపల మూడో తరగతి మొత్తం చామంతి తోటలో ఉండేది. అట్లాంటప్పుడు హోసూరు నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చినారు. చదవడంలో వెనకబడిన పిల్లోళ్ళకు రోజూ రెండు గంటలు చెప్పేదానికి ఊరిలోనే ఒక ఆడమనిషి కావాలన్నారు. చదువుకున్న ఆడపిల్లలంతా ఫ్యాక్టరీ బస్సు ఎక్కేసినారు. మిగిలింది నేను.

"ఈమె కత చెప్తే పిల్లోళ్ళు మూతి మీద ఈగ వాలినా కదలరు మేడమ్" అని అయివారు నన్ను ముందుకు తోసినాడు.

"చదువుకున్నావామ్మా?" అని అడిగింది ఆ సంస్థ మేడమ్.

"చదువుకున్నాను మేడమ్" అన్నాను. యాడ దాకా అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. నా చదువు మూడో తరగతిలో పలక పగిలిన రోజే ఆగిపోయింది. అక్షరం ఒంటిగా వస్తే గుర్తుపడతాను, నాలుగు కూడుకుని వస్తే భయపడతాను.

వాళ్ళు పదకొండుమంది పిల్లోళ్ళకు తలా ఒక చిన్న బుక్కు, నాకు ఒక లావు బుక్కు ఇచ్చినారు. టీచరు ఏం చెప్పాల, పిల్లోళ్ళు ఏం బదులు పలకాల, అంతా అందులోనే ఉంది.

"ఉన్నది ఉన్నట్ల చెప్పాల" అనింది మేడమ్. "ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. సొంత తెలివి వద్దే వద్దు."

ఆ మాటతో నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. లేనిదాన్ని వద్దంటే మనకేం నష్టం?

అప్పుడు మా పాప తొమ్మిదో తరగతి. పొద్దున్నే నేను పూలు కడతా ఉంటే, అది జడ వేసుకుంటా ఆ రోజు పాఠం గడగడా చదివేది. నాకు ఒకసారి వింటే చాలు, రెండోసారి వింటే చచ్చినా మరిచిపోను. బడికి పోయి బుక్కు ముఖానికి ఎదురుగా పట్టుకుని అంతా అప్పజెప్పేదాన్ని. మొదటి వారం ఒక పిల్ల లేచి, "టీచరమ్మా, నీ బుక్కు అట్ట మీద ఏనుగు తలకిందులుగా ఉండాది" అనింది. తిప్పి పట్టుకున్నాను.

ఒక మాట చెప్పినాక టీచరు చిటికె వేయాల, పిల్లోళ్ళంతా ఒక్క గొంతుతో పలకాల. అది వాళ్ళ పద్ధతి. అరటినారతో పూలు కట్టీ కట్టీ నా వేళ్ళు అరిగిపోయి చిటికె పలికేది కాదు. అందుకని నాలుకతో 'ట్చ్' అనేదాన్ని, బండి తోలేటప్పుడు ఎద్దులను అదిలిస్తామే, అట్ల. పిల్లోళ్ళు బాగానే అందుకున్నారు. ఒకరోజు కిటికీ అవతల పూల మూటల బండి ఆగి ఉంది. నేను 'ట్చ్' అన్నాను. లోపల పదకొండు గొంతులు లేచినాయి, బయట ఎద్దులు లేచినాయి. బండాయన వెనకే పరిగెత్తుతా, "టీచరమ్మా, నీ పాఠం మా ఎద్దులకు బలే వంటబట్టిందమ్మా!" అని అరిచినాడు.

లెక్కల పాఠం ఇంకా కష్టం. "నా దగ్గర నాలుగు ఆపిల్ పండ్లు ఉన్నాయి" అని చెప్పాల. చెప్పినాను. పదకొండు జతల కండ్లు నా ఒడిలోకి చూసినాయి.

"యాడుండాయి టీచరమ్మా?"

"ఉన్నాయంటే ఉన్నాయి."

"అబద్ధం. ఉంటే మాకు పెట్టవా?"

దానికి ఏం బదులు చెప్పాలో బుక్కులో లేదు. చామంతి పూలు అని మార్చి చెబితే వేలు మడవకుండానే లెక్క తేల్చేవాళ్ళు. కానీ ఒక్క మాట మార్చకూడదు గదా!

ఇప్పుడు అసలు సంగతి. ఆ బుక్కులో నల్ల అక్షరాలు పైకి చెప్పేవి. ఎర్ర అక్షరాలు టీచరు మనసులో చదువుకుని చేయాల్సినవి. మా పాప రెండూ ఒకే ఊపులో చదివేది. చెవికి ఎరుపేది, నలుపేది? నేను మొత్తం పలికించినాను.

"ఇది మ. మూడు సెకండ్లు ఆగు" అంటాను, 'ట్చ్' అంటాను. పిల్లోళ్ళు "ఇది మ. మూడు సెకండ్లు ఆగు" అని తమ బుక్కులో అక్షరం మీద వేలు పెట్టి అరిచి, బుగ్గలు ఉబ్బించి ఆగేవాళ్ళు. "బోర్డు పక్కకు జరుగు" అని పలికి వరస వరసంతా పక్కకు జరిగేది. పక్క గదిలో అయివారికి రాగం మాత్రమే వినపడేది. "బలే చెప్తా ఉండావమ్మా" అని మెచ్చుకునేవాడు.

ఇట్ల ఏడు నెలలు. అప్పుడు కబురొచ్చింది, మేడమ్ వచ్చి చూస్తుందంట. పిల్లోళ్ళకు చదవడం వచ్చి ఉంటే క్లాసు ఉంటుంది, లేకుంటే మూసేస్తారు. నా టీచరమ్మ అనే పిలుపు పోతే పోనీ. ఆ పదకొండుమంది మళ్ళీ వెనక బెంచీకి పోయి గోడకు ఆనుకుంటారే అనే నా దిగులంతా.

ఆ రోజు పాఠం పాపతో నాలుగుసార్లు చదివించుకుని పోయినాను. మేడమ్ వెనక కూచునింది. నేను మొదలుపెట్టినాను. పిల్లోళ్ళు "మూడు సెకండ్లు ఆగు" అనగానే ఆమె రాస్తా ఉన్న పెన్ను ఆగిపోయింది. లేచి వచ్చి నా బుక్కులో ఎంతో ముందుకు ఉన్న పేజీ ఒకటి తీసింది.

"ఇది చెప్పమ్మా."

పాప చదవని పేజీ. హోసూరు బస్టాండులో తెలియని ముఖాల మాదిరి అక్షరాలన్నీ నన్నే చూస్తా ఉన్నాయి. మూడు సెకండ్లు కాదు, ముప్పై ఆగినా ఒక్కటీ తన పేరు చెప్పలేదు.

"చదవడం రాదా నీకు? ఇన్ని నెలలు ఏం చేస్తా ఉంటివి?" ఆమె గొంతు లేచింది.

ఏం చేయాలో తోచక బుక్కును పిల్లోళ్ళ వైపు తిప్పి 'ట్చ్' అన్నాను. పదకొండు తలలు ముందుకు వంగినాయి.

"మేక పిల్ల మేడ ఎక్కింది. మేత లేక కిందికి దిగింది."

ఎవరూ నేర్పని పేజీ! ఆగకుండా దాని కింద ఎర్ర వరస కూడా అందుకున్నారు. "తప్పు చెబితే కోప్పడవద్దు. నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించు." నవ్వి అని ఉంది గదా, పదకొండుమందీ నిలబడి ఉన్న మేడమ్ వైపు తిరిగి పండ్లు ఇకిలించినారు.

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. భుజాలు కదలతా ఉన్నాయి. "ఆ వరస రాసింది నేనేనమ్మా" అనింది.

నాకు ధైర్యం వచ్చి ఉన్నదంతా చెప్పేసినాను. "మూడో తరగతి మేడమ్. అదీ సగమే."

"ఏడు నెలలు మొత్తం నోటికేనా?"

"ఎర్రవీ నల్లవీ అన్నీ మేడమ్."

"క్లాసు ఉంటుంది" అనింది ఆమె. "కానీ నువ్వు పిల్లోళ్ళ మాదిరి చాప మీద కూచుని నేర్చుకోవాల. మళ్ళీ మొదటి నుంచి."

మరుసటి రోజు నుంచి పాఠం అయిపోయినాక నేను చాప మీద, ముందు పండ్లు ఊడిన ఒక పిల్ల నా కుర్చీలో. "ఇది మ. మూడు సెకండ్లు ఆగు. ఇదేమి?" అని అడిగి, అచ్చం నా మాదిరే 'ట్చ్' అనేది. నేను తప్పు చెబితే కోప్పడకుండా బోసి చిగుళ్ళు చూపించి నవ్వేది. సంవత్సరం తిరిగేలోపల ఆ బుక్కు నేనే చదివినాను. ఎర్ర వరసలు ఇంక పలకద్దు అంటే మాత్రం పిల్లోళ్ళు ఒప్పుకోలేదు.

సరే, ఒలిచిన గింజలు తలా ఇంత కొంగులో వేసుకుని పోండి. మీ ఇంట అనపగింజల చారు పొంగతా ఉండాల, పిల్లాజెల్లా చల్లగా ఉండాల. ఎవరైనా తప్పు చెబితే నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చెప్పించే మనిషి ఒకరు మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాల.