వంట గురించి సాధారణ సంభాషణ

మా ఆయన తన స్నేహితులకు నా ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు "పోలీసు డిపార్ట్‌మెంట్" అనేవారు. అవతలివాళ్ళు చేతిలో ప్లేటు కాస్త సరిగ్గా పట్టుకుని నా వంక చూసేవారు. నిజానికి నేను చేసేది కెనడాలో, స్కార్‌బరోలో ఒక కాలేజీ క్యాంపస్ సెక్యూరిటీ ఆఫీసులో ఫోనెత్తే పని. ఎవరికి ఏ ఆపద వచ్చిందో కంప్యూటర్‌లో ఎక్కించి, వాకీటాకీలో ఒక గార్డును అటు పంపాలి. ఫోన్లు లేనప్పుడు ఉత్తరాలు టైపు చేయాలి, మీటింగుల్లో మినిట్స్ రాయాలి, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం పీకాలి. మా గార్డుల నడుముకు ఒక టార్చిలైటు, తాళాల గుత్తి తప్ప మరేమీ వేలాడేది కాదు. అయినా తెలుగు కుటుంబాలు తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసే మార్కమ్‌ పాట్‌లక్‌లలో నేను పోలీసునే. కాదని నేను ఒక్కసారి కూడా దిద్దలేదు.

అది కాలేజీలు మన పిల్లల్ని విమానాలకు విమానాలు దించుకుంటున్న కాలం. ప్రతి సెప్టెంబరుకూ, ప్రతి జనవరికీ ఒక కొత్త ఊరు వచ్చి దిగేది. గదులు చాలక కెఫెటీరియాలో ఒక మూల తెర కట్టి క్లాసులు చెప్పారు. చేర్చుకునేటప్పుడు వీళ్ళందరూ ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు అని ఎవరికీ తోచలేదు. తోచేసరికి ఫోన్లన్నీ మా ఆఫీసుకు రావడం మొదలైంది. అప్పుడు నన్ను తీసుకున్నారు.

ఇంటర్వ్యూలో మా బాస్, "ఇండియన్ మాట్లాడతావా?" అని అడిగాడు. మాట్లాడతానన్నాను. ఉద్యోగం వచ్చింది. నాకు వచ్చింది తెలుగు, దానికి తోడు ఆటోవాళ్ళతో బేరమాడేటంత హైదరాబాదు హిందీ. పంజాబీ పిల్లలు ఫోన్ చేస్తే నేను ఆ హిందీ ఎత్తుకునేదాన్ని. వాళ్ళు జాలిపడి ఇంగ్లీషులోకి మారిపోయేవారు.

బాస్ అసలు పోలీసుగా చేసి రిటైరై వచ్చిన మనిషి. మంచివాడే. లోకంలో జరిగే ప్రతిదానికీ ఒక ఫారం ఉందనీ, ఫారం లేకపోతే అది జరగనట్టేననీ అతని నమ్మకం. ఫోన్ రాగానే నా కంప్యూటర్‌లో ఒక జాబితా తెరుచుకునేది. దొంగతనం, కొట్లాట, అనుమానాస్పద వ్యక్తి, ఇలా ఏదో ఒక కోడ్ నొక్కితేగానీ అది ముందుకు కదలదు. మన పిల్లల ఆపదలేమో ఆ జాబితాలో ఉండేవి కావు. గదిలోకి ఉడుత వచ్చిందని ఒకడు. టవల్ కట్టుకుని బయటికి రాగానే వెనక తలుపు పడిపోయిందని ఇంకొకడు. మొదటిసారి మంచు కురిసిన రోజైతే పొద్దుటినుంచీ ఒకటే ప్రశ్న: "మేడమ్, ఇవాళ సెలవా?" మంచుకు కోడ్ లేదు. పోపుకు కూడా లేదు.

పోపు మా ఆఫీసుకు పెద్ద గండం. హాస్టల్లో నలుగురికి కలిపి సూట్ అనే ఒక గదుల వాటా, అందులో ఒక చిన్న వంటగది. పొయ్యి మీద ఫ్యాన్ చప్పుడు చేసేదే తప్ప పొగ లాగేది కాదు. కిటికీ నాలుగు వేళ్ళ మేర తెరుచుకునేది. జనవరిలో ఎవరు తెరుస్తారు? నూనెలో ఎండుమిరపకాయలు పడగానే పైకప్పుకున్న గుండ్రటి పొగ అలారం కేకలు పెట్టేది. బిల్డింగ్ మొత్తం దుప్పట్లు కప్పుకుని మంచులో నిలబడేది. ఫైరింజన్ వచ్చేది. హెల్మెట్లు పెట్టుకున్న ఆరడుగుల మనుషులు లోపలికి పరిగెత్తి, మూకుట్లో మాడిన మిరపకాయల్ని చూసి దగ్గుకుంటూ బయటికొచ్చేవారు. ఒక సూట్ నుంచి మూడుసార్లు అలారం మోగితే కారకులైనవాళ్ళు గది ఖాళీ చేయాలని రూలు పెట్టారు.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. "సెక్యూరిటీ" అన్నాను, వీలైనంత కెనడా గొంతుతో.

"మీరు తెలుగా ఆంటీ?" అంది అటునుంచి ఒక అమ్మాయి.

ఒక్క మాటకే పట్టేసింది. ముందు అమెరికాలో, తర్వాత ఇక్కడ ఇన్నేళ్ళు సానబట్టిన యాస అక్కడికక్కడే నేలపాలైంది. అవునన్నాను.

"మాది నిజామాబాద్ దిక్కు ఆంటీ. నా వల్ల ఇప్పటికే రెండుసార్లు అలారం మోగింది. ఇంకోసారి మోగితే రూమ్ ఖాళీ చెయ్యాలన్నరు. మూడు దినాలనుంచి బ్రెడ్డే తింటున్న. ఇయ్యాల పప్పు చేసిన గానీ, పోపు పెట్టాలంటే ధైర్యం చాలుతలేదు. ఏం జెయ్యాలె?"

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో నా ముందు ఒక కార్డు అంటించి ఉంది. కిటికీ తెరవండి, ఫ్యాన్ వేయండి, పొయ్యి వదిలి వెళ్ళకండి. అది చదివితే సరిపోయేది. కానీ మూడు రోజులు బ్రెడ్డు తిన్న పిల్లకు కార్డు చదివి వినిపిస్తే నేను ఆంటీని ఎలా అవుతాను?

"కిటికీ తెరవమని చెప్పమంటారమ్మా వీళ్ళు" అన్నాను. "ఈ చలిలో తెరిస్తే పప్పు కంటే ముందు నువ్వు గడ్డకడతావు. స్నానానికి తలకు పెట్టుకునే షవర్ క్యాప్ ఉందా నీ దగ్గర? ఆ గుండ్రటిదానికి తొడుగు. వంటయ్యాక తీసెయ్. అమెరికాలో మేమందరం అలాగే చేశాం." అని నవ్వాను కూడా.

"మస్తు థ్యాంక్స్ ఆంటీ. ఇక్కడికొచ్చినంక నాతోని ఇట్ల మాట్లాడినోళ్ళే లేరు" అంది.

ఆ మాటకు నా మనసు పూరీలా పొంగింది. కంప్యూటర్‌లో "సాధారణ సమాచారం" అనే కోడ్ నొక్కి టీ తాగడానికి వెళ్ళాను.

ఆ తర్వాత అలారాలు తగ్గిపోయాయి. ఫైరింజన్ రావడం మానేసింది. బాస్ ఒక గ్రాఫ్ గీసి, కిందికి జారుతున్న ఎర్రగీతను పైవాళ్ళకు చూపించాడు. అంతా తాను లిఫ్టుల్లో అంటించిన పోస్టర్ మహిమేనని చెప్పాడు. ఆ గ్రాఫ్‌కు రంగులు వేసింది నేనే. నాకు అప్పుడైనా అనుమానం రావలసింది. రాలేదు.

ఫిబ్రవరిలో సరిగ్గా వంట వేళకు గదుల తనిఖీకి వెళ్ళిన బాస్ చాలా నెమ్మదిగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, తన ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. వరసగా ఎన్నో వంటగదులు, పైకప్పుకు గులాబీరంగు పూల షవర్ క్యాపులు. నా సలహా వాట్సాప్ గ్రూపు ఎక్కి బిల్డింగంతా తిరిగిందన్నమాట. బాస్ ఈమధ్యే ఇతర సంస్కృతులను గౌరవించడం మీద ఏదో ట్రైనింగ్ తీసుకుని ఉన్నాడు. గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అడిగాడు: "ఇది మీ పండగేదైనానా?"

అవునందామని నోటిదాకా వచ్చింది. కాదన్నాను.

పొగ అలారాన్ని మూసేయడం పెద్ద నేరం. నిజంగా నిప్పంటుకుంటే నిద్రలోనే పోతారు. ఈ సంగతి నాకు తెలియదని కాదు. ఆ ఆఫీసులో పోస్టర్లు టైపు చేసేది నేనే. మొదటిసారి కాబట్టి మిగతావాళ్ళను హెచ్చరికతో వదిలేశారు. అలారం మూసినా మోగినట్టే లెక్క. ఆ నిజామాబాద్ అమ్మాయికి మాత్రం అప్పటికే రెండు ఉన్నాయి కాబట్టి ఇది మూడోది. నెలాఖరుకు గది ఖాళీ చేయాలని ఉత్తరం. అది కూడా నేనే టైపు చేశాను. ఒకచోట కామా తప్పితే సరిదిద్దాను.

ఆ చలికాలంలో క్యాంపస్ బయట అద్దెకు దొరికేవి ఇళ్ళ కింది బేస్‌మెంట్లు. నలుగురు పట్టే చోట ఎనిమిది మంది, రెండు బస్సులు మారే దూరం. ఆ పిల్ల క్యాంపస్ పక్కనే కాఫీ షాపులో తెల్లవారుజాము షిఫ్టు చేసేది. బస్సులు మొదలవకముందే అక్కడుండాలి. గది పోతే ఆ పని కూడా పోతుంది. ఇదంతా ఆమె తన అప్పీలులో రాసుకుంది. చివర రెండు వాక్యాలు: "నేను సెక్యూరిటీకి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టే చేశాను. దయచేసి రికార్డింగ్ వినండి."

రికార్డింగ్. మాకు ఫోన్ చేస్తే ముందుగా వినిపించేదే "ఈ కాల్ రికార్డ్ అవుతుంది" అని. ఆ మాట పెట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

బాస్ గదిలోంచి కేక వేసేసరికి గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ వెళ్ళాను. అతనికి ఏ అనుమానమూ లేదు. "సెక్యూరిటీ నిజంగా అలా చెప్పి ఉంటే ఆ అమ్మాయి తప్పు లేదు, గది ఉంటుంది" అన్నాడు. "కానీ రికార్డింగ్ మీ భాషలో ఉంది. బయటి అనువాదకుడికి ఇస్తే వారాలు పడుతుంది. విచారణ గురువారం. నువ్వే చేసెయ్. మాట్లాడింది కూడా నువ్వే, నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

దొంగ చేతికే తాళాలివ్వడం అంటే ఇదే. పైగా, సొంత వ్యవహారాల్లో తీర్పరిగా ఉండకూడదన్న ఆన్‌లైన్ కోర్సు నేను కిందటి నెలే నూటికి నూరు మార్కులతో పాసయ్యాను. ఆ సర్టిఫికెట్ మీద బాస్ సంతకమే ఉంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. అన్నీ తెలిసినట్టు, ఊరికి పెద్దదిక్కయినట్టు ఉంది. ఆ నవ్వు మరీ. మూడుసార్లు విన్నాక ఇంగ్లీషులో టైపు చేశాను: "డిస్పాచర్: కిటికీ తెరవమ్మా." డిస్పాచర్ అంటే నేనే. ఆ వాక్యం కింద, మిగిలినదానికంతటికీ కలిపి బ్రాకెట్లలో, "వంట గురించి సాధారణ సంభాషణ" అని రాశాను. ఒక్క అబద్ధపు పదం లేదు. ఆ పదాలన్నీ రికార్డింగ్‌లో ఉన్నవే, జరిగిందీ వంట గురించే. అంత నీతిమంతమైన మోసం నేను మళ్ళీ చేయలేదు.

ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి ఆరిపోయేదా అంటే, అదేమీ లేదు. మా ఆయన ఐటీ ఉద్యోగం నిక్షేపంగా ఉంది. నాకు పోయేది పాట్‌లక్‌లో నా పోలీసు హోదా. దానికోసం రాశాను ఆ మాటలు.

గురువారం విచారణ. చిన్న గది, మధ్యలో టిష్యూ డబ్బా. బాస్, హాస్టల్ మేనేజరమ్మ, మినిట్స్ రాయడానికి నేను. ఆ అమ్మాయిని చూడడం అదే మొదటిసారి. బక్కపలచని పిల్ల, కాఫీ షాపు టోపీ ఇంకా చేతిలోనే ఉంది. సంతకం పెట్టడానికి రిజిస్టరు అందిస్తూ "ఇక్కడ" అన్నాను. ఆ ఒక్క మాటకు తలెత్తి చూసింది. మళ్ళీ పట్టేసింది. మొహం వెలిగిపోయింది. నేనక్కడ ఉన్నాను కాబట్టి ఇక భయం లేదనుకుంది.

మేనేజరమ్మ అనువాదం కాగితం ఆమె ముందు పెట్టింది. చదివింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది. నేను కీబోర్డు మీద అక్షరాలు చూస్తూ కూర్చున్నాను.

"ఈ అనువాదం సరిగ్గానే ఉందా?" అని అడిగింది మేనేజరమ్మ.

ఆ పిల్ల కాదని ఒక్క మాట అంటే చాలు. బయటి అనువాదకుణ్ణి పిలిచేవారు. గది నిలిచేది. ఆమె నా వంక చూసింది. నేను చూడలేదు, చూస్తోందని తెలుసు.

"సరిగ్గానే ఉంది" అంది ఇంగ్లీషులో. "నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను."

ఆ మాటలు నేను మినిట్స్‌లో పొల్లు పోకుండా రాశాను.

బయటికొచ్చాక వరండాలో నాకోసం ఆగి ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకు తెల్వక రాసిన ఆంటీ, రికార్డింగ్ సంగతి" అంది. "అది మీ మీదికొస్తదనుకోలే. మీ జాబ్ పోతుండె. నాకైతే రూమే గద."

లోపల తలుపు ఇంకా తెరిచే ఉంది. బాస్ కాగితాలు సర్దుకుంటున్నాడు. పది అడుగులు. వెనక్కి వెళ్ళి నిజం చెప్పడానికి అంతకంటే దగ్గరి దారి ఏ మనిషికీ దొరకదు. "జాగ్రత్తమ్మా" అన్నాను. ఆ పిల్ల టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయానని రాయాలని ఉంది గానీ, చావలేదు. భోజనం టైమైతే వెళ్ళి తిన్నాను.

ఆ శనివారం పాట్‌లక్‌లో ఒక అంకుల్, "ఈ స్టూడెంట్స్ వల్ల మన పరువు పోతోందండీ" అని మొదలుపెట్టారు. నేను షవర్ క్యాపుల కథ చెప్పాను, బాస్ పండగా అని అడగడం దాకా. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. న్యూజెర్సీలో మేం ప్లాస్టిక్ కవరు కట్టేవాళ్ళమని ఒకరు, మేం బ్యాటరీయే పీకేసేవాళ్ళమని ఇంకొకరు. పరువు పోతోందన్న అంకుల్ అయితే సాక్సు తొడిగారట. ఆ ఇంట్లో అలారం మూయనివాడు ఒక్కడూ లేడు. గది పోయింది మాత్రం ఒక్కరిదే. ఆ భాగం నేను చెప్పలేదు.

మరుసటి జనవరిలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. కొత్తగా వచ్చిన పిల్ల, గొంతులో కంగారు.

"ఆంటీ, పోపు పెట్టాలె, అలారం మోగుతదేమోనని భయమైతాంది. మా సీనియర్ అక్క మీకు ఫోన్ చెయ్యమన్నది. సెక్యూరిటీల ఒక తెలుగు ఆంటీ ఉంటది, మంచిగ మాట్లాడతది అని చెప్పింది."

"మీ అక్క ఏ రూమ్‌లో ఉంటుంది?" అని అడిగాను.

"ఇప్పుడు ఇక్కడ ఉండదు ఆంటీ. దూరం, బేస్‌మెంట్ల ఉంటది."

కార్డు నా ముందే ఉంది. "కిటికీ తెరవమ్మా" అన్నాను.

"బయట మస్తు చలి ఉంది గద ఆంటీ."

"తెలుసమ్మా. తెరువు" అన్నాను. "గంతేనా ఆంటీ?" అంది ఆ పిల్ల. అంతేనన్నాను. ఫోన్ పెట్టేసింది.