కత్తెర పెట్టని ధోవతి

విమానాలు దిగడం మొదలైన కొత్తలో మా గల్లీలో అందరూ తలెత్తి చూసేవాళ్లు. నేను చూడలేదు. చూస్తే చేతిలో పని ఆగుతుంది. శంషాబాద్‌లో ఒక కిరాయి అర్రలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. కూతురిది బడంగ్‌పేట్. ఎప్పుడో ఒకసారి మనవరాళ్లను తీసుకుని వచ్చి, తిన్న కంచం ఆరకముందే బస్సెక్కేది. ఆ తర్వాత వారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

అట్లాంటి ఇంటికి ఒక పొద్దున వకీలమ్మ వచ్చింది. హక్కుల సంఘం మనిషి. వెనకటి రోజుల్లో ఠాణాలో ప్రాణం పోయినవాళ్ల ఇండ్లు వెతుక్కుంటూ తిరుగుతున్నారట. పట్నంలో సభ పెట్టి, కొలువు దిగిపోయిన ఒక జడ్జి ముందు ఇంటివాళ్ల చేతనే చెప్పిస్తారట.

నా మొగుడు అట్లా పోయినవాడే. ఎవరి బావి మీదనో మోటారు పోయిందని అడగడానికి తీసుకుపోయారు. మూడో రోజు ఉరేసుకున్నాడన్నారు. మొఖం మా బావ, ఆయన అన్న, ఒక్కడే చూశాడు. నా కూతురు అప్పుడు చంకలో పిల్ల. దవాఖానలో పనిచేసే మనిషి ఒంటి మీది బట్టలు మూటగట్టి నా చేతిలో పెట్టాడు. నాకు దక్కింది అంతే.

ఉరేసుకున్నవాడి పేరు మీద పెత్రామాసకు బియ్యం ఇవ్వకూడదని బావ తేల్చాడు. ఏటా ఆ అమావాస్య నాడు ఇంటి పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. ఆ బియ్యం చెరిగి పెట్టేది నేనే. నా మొగుడి పేరు మాత్రం దాటేసేవాళ్లు. బావ పోయాక కూడా మా యారాలు, అంటే బావ పెండ్లాం, ఆ మాట తప్పలేదు.

వకీలమ్మ అడుగుతూ రాసుకుంటోంది. పైన విమానం పోయినప్పుడల్లా కలం ఆపేది. చూసి చూసి అన్నాను.

"ఏందమ్మా, కాయితం ఒక్క దిక్కే రాస్తున్నవు? ఎనక దిక్కు ఏం పాపం చేసింది?"

ఆమె నవ్వి కాగితం తిప్పింది. "అప్పటి కాగితాలు ఏమైనా దాచారా అమ్మా?"

రేకు డబ్బాలోంచి తీసి ఇచ్చాను. ఆయన పోయిన ఆరు నెలలకు సర్కారు నుంచి వచ్చిన కాగితం అది, ఇంగ్లీషులో ఉంటుంది. నేను రెండో తరగతి దాకా చదివాను, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను. ఉరి అని రాసిందని అప్పుడెవరో చెప్పారు. ఇంకేముందో నేను అడగలేదు.

వకీలమ్మ చదివి చెప్పింది. "కట్టుకున్న ధోవతిని పొడుగ్గా చించి, ఆ పీలికతో ఉరి వేసుకున్నాడని రాశారమ్మా."

"చించి?"

"అవునమ్మా, చించి."

నేను లేచి దండెం మీది బొంత తెచ్చి ఆమె ముందు పడేశాను.

"ఏడ చినిగిందో సూడు."

ఆయన పోయిన ఏడాదికి కుట్టిన బొంత అది. మంచి గుడ్డను పాడు చేయడం నాకు చేతకాదు. ధోవతిని నడిమికి మడిచి, లోపల పాత చీరలు పరిచి కుట్టాను. పొడుగు సరిగ్గా సరిపోయింది, కత్తెర పెట్టే పని పడలేదు. ఇన్నేళ్లూ దాన్నే కప్పుకున్నాను.

వకీలమ్మ బొంతను రెండు దిక్కులా తిప్పి చూసింది. తర్వాత మెల్లగా, "ఇది ఆ ధోవతే అని ఎట్లా నమ్మించాలమ్మా?" అంది.

మూల తిప్పి చూపాను. చాకలి రేవులో వేరేవాళ్ల బట్టల్లో కలిసిపోకుండా ఎర్రదారంతో నేను వేసిన మూడు ముడులు. రంగు పోయింది, ముడులు పోలేదు.

మొత్తం విప్పితేనే సభలో అందరికీ తెలుస్తుందంది. ఆమె వెళ్లాక గడప దగ్గర కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు పట్టింది. తెగని దారాన్ని పుల్లకు చుట్టుకున్నాను. నా చేతి కుట్టు ఇంత గట్టిదని విప్పేటప్పుడే తెలిసింది.

రమ్మని అడగడానికి యారాలి దగ్గరికి పోయాను.

"సచ్చినోన్ని బజార్ల ఆరేస్తవా?" అంది.

"ఆరేస్త. ముసుగేసి ముప్పై ఏండ్లాయె."

"నాకు మోకాళ్ల నొప్పులు. నువ్వే పో."

కూతురికి ఆ రోజు సెలవు దొరకలేదు. ధోవతిని సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను.

సభలో నాలాంటి ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకామె చేతిలో ఫోటో, ఒకామె చేతిలో చెప్పు. ఎవరి కొంగులో వాళ్ల మనిషి. నా వంతు వచ్చినప్పుడు వకీలమ్మ ఆయన పేరు చదివింది. సంఘం వాళ్లిద్దరు ధోవతిని చెరో కొసా పట్టుకుని చాచారు. ఆ గోడ నుంచి దాదాపు ఈ గోడ దాకా వచ్చింది.

జడ్జి కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. "ఈ రంధ్రాలేమిటమ్మా, వరసగా ఉన్నాయి?"

"నా సూదివి సారూ. అవి పొక్కలు. చినుగు ఉంటే సూపెట్టు."

"ఆయన దగ్గర ఇంకో ధోవతి ఉండేదా?"

"ఉన్నయే రెండు. ఒకటి ఆ దినం నేను ఉతికి ఆరేసిన. రెండోది కట్టుకోని పోయిండు, దవాఖాన మూటల వచ్చింది గిదే."

ఆయన ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేలుతో తడుముతూ నడిచాడు. అంచు ఎక్కడా తెగలేదు.

ధోవతిని వాళ్ల దగ్గరే ఉంచమన్నారు. మళ్లీ ఎవరైనా అడిగితే చూపాలట. ఇచ్చేశాను. ఖాళీ సంచి మడిచి తెచ్చుకున్నాను. లోపలి చీరలను మళ్లీ కుట్టలేదు, పైగుడ్డ లేదు కదా.

కొన్ని నెలలకు సంఘం అచ్చు వేసిన కాగితం వచ్చింది, తెలుగులో. ఎవరి చేతా చదివించలేదు. వేలు పెట్టి నేనే కూడబలుక్కున్నాను. 'ఉరి వేసుకున్నాడన్న మాట నమ్మదగింది కాదు' అని ఉంది. సర్కారుకు పంపామని కింద రాశారు. సర్కారు నుంచి ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు.

కాగితం తీసుకుని యారాలి ఇంటికి పోయి ఆ ఒక్క వరసా చదివాను. ఆమె గోడకేసి చూసింది.

"గిప్పుడు ఎవలకు గావాలె గిది?"

"నాకు."

ఆ ఏడు పెత్రామాసకు వాళ్లింటికి పోలేదు. బియ్యం చెరిగి, కూరగాయలు పెట్టుకుని నేనే అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. మాలో మొగుడి పేరు పెండ్లాం నోట రాకూడదు, పక్కవాళ్లు చెప్తారు.

"పేరు చెప్పేటోళ్లు ఎవరమ్మా?"

పక్కన ఎవరూ లేరు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, పెండ్లయిననాటి నుంచి పలకని పేరు నేనే చెప్పాను. అయ్యగారికి సరిగ్గా వినపడలేదు. మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా.