చిప్పులో నీటి వంతులు

ఆటోనగర్ షెడ్డులో ఇవాళ ఎగిరి గంతేశాను! పంపుసెట్లను నడపడానికి మేం తయారుచేస్తున్న కంట్రోల్ పెట్టెలో, కొత్తగా వచ్చిన మైక్రోప్రాసెసర్ పక్కన, ఒక్కటే మెమరీ చిప్పు. పనులన్నీ పంచిపెట్టే మూల ప్రోగ్రాం అందులో ఇమడక వారం నుంచీ చంపుకు తింటోంది. ఏ పని ముందో తేల్చే భాగమే సగం చోటు మింగేసింది.

తోటి ఇంజనీరు రత్నకుమారిగారు టీ తాగుతూ అన్నారు: "ఇదంతా ఎందుకండీ? మా ఊళ్లో కాలవ కింద ఎవరి వంతు రాగానే వాళ్లు నీళ్లు పెట్టుకుని, పక్కచేనుకి వదిలేస్తారు. అంతే!"

"మరి దాన్ని ఆపే పనికి వంతు వచ్చేలోగా మోటారు వేడెక్కితే?" అన్నాను.

"చుట్టు తిరిగి రావడానికి రెప్పపాటు కూడా పట్టదు కదండీ!"

ఏ పని ముందో తేల్చే ఆ భాగం మొత్తం పీకేసి, పనులకీ వంతులు పెట్టేశాం. సాయంత్రానికి ప్రోగ్రాం చిప్పులో పట్టింది, పైగా ఒక్క పేరుకి చోటు మిగిలింది. ఆవిడకి చెప్పకుండా అందులో ఆవిడ పేరే పెట్టేశాను. మీరైతే సొంత పేరు పెట్టుకునేవారు కాదూ? నిజం చెప్పండి!