పంచదారకు ఇచ్చిన రెండు లైన్లు

మా కోరస్‌లో ఆమెను అందరం పంచదార అనేవాళ్లం. ఎవరి గొంతు పక్కన నిలబెట్టినా ఇట్టే కరిగిపోయేది. కోరస్ పనే అంత. పదిమంది పాడినా ఒక్కరు పాడినట్టుండాలి. ఎవరి గొంతైనా విడిగా తేలిందా, అద్దం వెనకనుంచి రికార్డింగ్ ఆపేస్తారు. నావల్ల బోలెడుసార్లు ఆగింది. ఆమెవల్ల ఒక్కసారీ ఆగలేదు.

పాట ఆమెకు వాళ్ల నాన్న దగ్గర అబ్బింది. ఆయన దర్జీ. మెషిన్ తొక్కుతూ కూనిరాగం తీస్తుంటే, కింద గుడ్డముక్కల్లో కూర్చుని ఈ పిల్ల అందుకునేదట. కూతురు పాటలు పాడుతోందని కొలతలివ్వడానికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. వాళ్లు ఊరుకుంటారా? "ఇందులో మీ అమ్మాయి గొంతేది?" అని అడిగేవారు. ఆయన రేడియోకి చెవి ఆనించి వెతికేవాడు. దొరికేది కాదు.

"ఒక్కసారైనా కాస్త గట్టిగా పాడవే" అని బతిమాలేవాడు పాపం.

పోయినేడు ఒక పాటలో ఆమెకు రెండు లైన్లు విడిగా ఇచ్చారు. పాడి ఇంటికెళ్లగానే నాన్నకు చెప్పేసింది. మర్నాడు సంగీత దర్శకుడు అవి విని పెదవి విరిచాడు.

"శ్రుతి తప్పలేదమ్మా. కానీ ఎవరి గొంతో తెలియట్లేదు."

ఇన్నేళ్లూ గొంతు తెలియకూడదని నేర్పింది వీళ్లే! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ లైన్లు ఇంకో అమ్మాయి చేత పాడించారు. పంచదారకు ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అంటుండగానే పాట విడుదలైపోయింది.

"ఒక్కదాన్నే చెప్పలేను, నువ్వూ రావే" అంటే వెంట వెళ్లాను.

కొట్టు నిండా జనం. ఆయన మెడలో టేపుతో, కళ్లు తుడుచుకుంటూ, ఫోన్లో ఆ రెండు లైన్లే మళ్లీ మళ్లీ పెడుతున్నాడు.

"దొరికావే తల్లీ! చిన్నప్పుడు అచ్చం ఇలాగే పాడేదానివి" అన్నాడు.

ఆమె నావైపు చూసింది. ఆ ముసలాయన మొహం చూశాక నిజం చెప్పడానికి నాకూ మనసు రాలేదు. అప్పుడామె ఆ లైన్లు అందుకుంది. అలవాటు ప్రకారం ఫోన్లో గొంతు కింద దాక్కోలేదు. గట్టిగా, నిండుగా, తన గొంతుతోనే పాడింది. ఇప్పటికైనా తండ్రి గుర్తుపడతాడని కాబోలు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆయన ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"కాసేపు ఆగవే అమ్మడూ. నీ గొంతు విననీ."

ఆమె ఆపేసింది.