సమూయేలు అయ్యగారు పోయారు, శాంతయ్య చదువు ఆగకూడదు

ఈ కాగితం నేను ఇవాళే రాయాలి.

మన పాస్టరు సమూయేలు అయ్యగారిని నిన్న మట్టిలో పెట్టాం. ఇక పాస్టరు చదువుకు సెమినరీకి ఎవరినీ పంపవద్దని పెద్దలు వచ్చే ఆదివారం తేల్చేస్తారట. ఆ లోపల నా మాట మీకు చేరాలి.

అందుకే చర్చి తలుపు మీద అంటిస్తున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి.

మొన్న మాపటివేళ నేను జొన్నలు విసురుతున్నాను. బాపు వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యగారు సచ్చిపోయిండు బిడ్డా."

విన్నాను. అయినా విసుర్రాయి తిప్పుతూనే ఉన్నాను. అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆగింది.

బొగ్గుబాయిలో కొడుకును పోగొట్టుకున్న ఒక ఇంటిని ఓదార్చడానికి అయ్యగారు నస్పూర్ వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు రాలేదు.

నడిచారు. ఈ ఎండలో.

దారిలో పడి ఉంటే బండ్లవాళ్లు చూసి ఎత్తుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు.

ఇంకా ముప్పై ఏళ్లు నిండని మనిషి.

మా సుగుణక్క సంగతి మీకందరికీ తెలుసు. మా ఎదుట ఎవరూ అనరు. ఇవాళ నేనే అంటున్నాను.

రజాకార్ల గడబిడలో అవ్వ జొన్నచేనులో దాక్కుని కన్న బిడ్డ మా అక్క. అత్తగారింట్లో ఏం బాధలు పడిందో మాకు చెప్పలేదు. పోయినేడు వానాకాలంలో మోటబావిలో దూకింది.

సమాధుల తోట దగ్గర మోషే తాత అడ్డం నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, సంఘంలో అందరికన్నా పెద్ద. అట్లా చనిపోయినవాళ్లను కంచె లోపల పెట్టకూడదని బైబిల్లో రాసి ఉందన్నాడు.

బాపు మంచం మీద అక్కను అట్లాగే వదిలి, కంచె బయట గుంత తవ్వడానికి పార అందుకున్నాడు.

అయ్యగారు ఆ పార పట్టుకున్నారు.

"తాతా, యాడ రాసుందో చెప్పు. తీసి సదువుత."

"నాకు సదువత్తదా? ముందటోళ్లు చెప్పిండ్రు."

"నేను గూడ గట్లనే చెప్పిన. సెమినరీకి పోకముందు ఒగ మనిషిని కంచె అవుతల పెట్టిపిచ్చిన. ఇప్పుడు మొదటి పేజీ కాడికెల్లి ఆఖరుదాక సదివిన. గా మాట యాడ లేదు. అది మన భయం తాతా."

తాతకు కోపం వచ్చింది. "బస్సెక్కి పోయి సదివొచ్చి, మల్ల మాకే చెప్పవడితివి."

"నన్ను బస్సెక్కిచ్చింది నువ్వే గద."

తాత కంచె వైపు తిరిగాడు. తర్వాత తనే తడిక పక్కకు జరిపాడు.

అక్క లోపలే ఉంది.

తాత నిజంగానే ఆయన్ను బస్సెక్కించాడు. మీరూ ఎక్కించారు.

పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ మన ఆడవాళ్లు పిడికెడు జొన్నలు పక్కకు తీస్తారు. ఆదివారం తెచ్చి చర్చిలోని పెద్ద కాగులో పోస్తారు. ఆ గింజలు అమ్మే అయ్యగారిని సెమినరీలో ఉంచాం.

ఫీజు దూరదేశపు విశ్వాసులు కట్టారు. వాళ్లు మనల్ని ఎన్నడూ చూడలేదు. తిండి, దారిఖర్చు మాత్రం సంఘానివి. మన వంతు ఆగితే వాళ్ల వంతూ ఆగుతుంది. అది మొదటినుంచీ ఉన్న మాటే.

కరువులో కూడా అవ్వ పిడికెడు తీస్తుంటే నేను కోప్పడేదాన్ని. మనకే లేవు కదా అనేదాన్ని.

"మనకు సదువు రాకపాయె. సదివినోడన్న మన దిక్కు ఉండనీ" అనేది అవ్వ.

ఈసారి కాగు శాంతయ్య కోసం నిండింది. బొగ్గుబాయిలో పనిచేసే యాకోబు మామ కొడుకు శాంతయ్య. సెమినరీలో సీటు వచ్చింది. వానలు పడగానే క్లాసులు మొదలవుతాయి.

ఆ కాగు నిన్న ఖాళీ అయింది.

అయ్యగారి కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లను ఉపాసం పంపడం ఎట్లా అని ఆడవాళ్లు కాగు మూత తీశారు. ఆ జొన్నలతో గటక వండారు. ఆగండి అని ఎవరూ అనలేదు. ఎవరికీ తోచలేదు. నేనూ వడ్డించాను.

అందరూ వెళ్లిపోయాక శాంతయ్య ఆ కాగును కడిగి, బోర్లించి, ఇంటికి వెళ్లిపోయాడు.

పొద్దున మోషే తాత మా వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. "సదివిపిచ్చి తెచ్చుకుంటె తొవ్వల పడి సచ్చె. ఇంక ఎవని కోసం బిడ్డా?"

దానికి జవాబు ఇప్పుడు చెప్తున్నాను.

తాతా, చదువు ముగించి వచ్చాక అయ్యగారు మన దగ్గర రెండు వానాకాలాలే ఉన్నారు. అంతలోనే ఆయన వల్ల మా బాపు తలెత్తుకుని చర్చికి రాగలిగాడు. రేపు ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డ పోతే, ఆ పుస్తకం తెరిచి పెద్దల ముందు నిలబడేది ఎవరు? మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేను. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఆడపిల్లను, నేను చదివి చెప్తే వింటారా?

వినరు. నాకు తెలుసు.

క్లాసులు మొదలయ్యే లోపల కాగు మళ్లీ నిండదు. అదీ తెలుసు. కానీ ప్రతి ఇల్లూ మళ్లీ పిడికెడు తీస్తామని మాట ఇస్తే, కొత్త పంట దాకా ఆగమని సెమినరీకి రాయొచ్చు. ఆగుతారో లేదో చెప్పలేను. అడగకుండా మాత్రం ఊరుకోలేను.

అయ్యగారూ, ఇక సెలవు. ప్రభువు మీకు నెమ్మది ఇవ్వాలి. మీ ఇల్లాలు రాహేలక్కకూ, ఇంకా పాలు మరవని మీ బిడ్డకూ ఇవ్వాలి.

మీరందరూ వచ్చే ఆదివారం ఆరాధన మొదలయ్యేలోగా మీ ఇంటి జవాబు నాకు చెప్పండి. గింజలే లేని ఇళ్లు ఉన్నాయి. వాళ్ల మీద నాకు కోపం లేదు.

వేయలేమనుకున్నా వచ్చి చెప్పండి. ఆ మాట శాంతయ్యకు నేనే చెప్పాలి.

మీ మార్త