గొర్రెలను పిలిచిన ఆంప్లిఫయర్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. బెత్తెడు విషయాన్ని బారెడు చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నాలుగు దవాఖానలు తిరిగినా మందు దొరకలేదు (సరే, ఒకటే దవాఖాన, అదీ జలుబుకి). ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను నార్కట్‌పల్లి హైవే మీద కార్లకు స్పీకర్లు, సీటు కవర్లు బిగించే దుకాణంలో చేరాను. వయసు ముప్ఫైకి దగ్గరపడింది. మాది మగ్గం ఇల్లు. మగ్గం దిగుతానన్నప్పుడు బాపు వద్దనలేదు, సరేననీ అనలేదు. ఆ మౌనానికి మా గోడ గడియారం మూడు రోజులు ఆగిపోయింది. దుకాణం యజమానిని అందరం సేఠు అనేవాళ్లం. ఆరు నెలలు నాతో సీటు కవర్లు తొడిగించాక ఒక ఉదయం ఆయన నా ముందు ఒక డబ్బా పెట్టాడు. "గీ ఆంప్లిఫయర్ నువ్వొక్కనివే బిగించు. మంచిగైతే మేస్త్రీవి. ఖరాబైతే మగ్గం ఎట్లాగూ ఉన్నది."

బండి మా ఊరి మీసాల మామది. మామకు రెండు వందల గొర్రెలు, వాటిని పిలవడానికి నోటితో వేసే ఒక ఈల ఉండేవి. సన్నగా మొదలై పైపైకి లేచే ఆ ఈల వినబడితే ఆయన మంద మేస్తున్న గడ్డిని నోట్లోంచి జారవిడిచి పరుగెత్తేది. మర్నాడు మామ తమ్ముడి పెళ్లి. పెళ్లికొడుకును తీసుకుపోయే బండిలో పాట పెడితే ఎక్కడో ఉన్న హాలియాదాకా వినబడాలని మామ కోరిక. ఆంప్లిఫయర్‌ను డిక్కీలో కూర్చోబెట్టాను. బ్యాటరీ నుంచి లావుపాటి కరెంటు తీగ, ముందున్న స్టీరియో నుంచి పాట తెచ్చే సన్న తీగలు, మళ్లీ తలుపుల్లోని స్పీకర్లకు వెళ్లే తీగలు, అన్నీ కార్పెట్ కింద చిందరవందరగా పడి ఉన్నాయి. తరతరాలుగా పోగు పక్కకు జరిగితే నిద్రపట్టని వంశం మాది. చూస్తూ ఊరుకోలేకపోయాను. అన్నింటినీ ఒక్కచోట చేర్చి, పైనొకటి కిందొకటి వేస్తూ, బానెట్ నుంచి డిక్కీ దాకా చీర అంచులా నేసేశాను. ఇంజను ఆపి ఉండగానే పాట పెట్టి చూపించాను. ఆ దెబ్బకు బల్ల మీది టీ గ్లాసు దానంతటది నడిచి సేఠు చేతిలోకి వెళ్లింది. ఇక నేను మేస్త్రీనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున పెళ్లివారం బయల్దేరాం. ఆంప్లిఫయర్‌కు కాపలాగా నేను వెనక సీట్లో ఉన్నాను. మామ యాక్సిలరేటర్ తొక్కగానే పాటతో పాటు స్పీకర్లలోంచి సన్నటి కూత మొదలైంది. బండి వేగం పెరిగేకొద్దీ కూత పైకి లేస్తోంది. కొత్త మిషిన్ కద, అట్లనే కూస్తదేమోనని మామే నాకు ధైర్యం చెప్పాడు. ఊరి పొలిమేరలో ఆయన మంద మేస్తోంది. తెరిచిన కిటికీలోంచి అచ్చం మామ ఈలలాంటి ఆ కూత వినబడగానే రెండు వందల తలలు ఒక్కసారి లేచాయి. తర్వాత కాళ్లు లేచాయి. ఆ దుమ్ముకు సూర్యుడు కాసేపు అస్తమించాడు. మామ కంగారుపడి ఇంకా గట్టిగా తొక్కాడు, ఈల ఇంకా గట్టిగా పలికింది, మంద ఇంకా వేగంగా వచ్చింది. పక్క ఊళ్లో పెళ్లి పందిరి దాకా ఒక్క గొర్రె కూడా వెనక్కి తగ్గలేదు. పెళ్లికూతురి నాయిన ఎదురొచ్చి, పెళ్లికొడుకును, ఆయన వెనకాల మందను ఒకసారి చూసి, మామ చేతులు పట్టుకున్నాడు. "గొర్లు గూడ మీ తరఫేనా బావా? ముందుగాల ఒక్క మాట చెప్పొద్దా?"

మరుసటి రోజు మామ బండి దుకాణం ముందు ఆగేసరికి, ఏ పనో మీద నార్కట్‌పల్లి వచ్చిన బాపు కూడా అక్కడే ఉన్నాడు. సేఠు కార్పెట్ లేపి తీగలు చూశాడు. కరెంటు తీగ ఒక పక్క నుంచి, పాట తీగలు ఇంకో పక్క నుంచి తేవాలని, రెండూ అంటుకుని ఉంటే ఇంజను మోత పాటలోకి ఎక్కుతుందని చెప్పాడు. "గిది బండా, మగ్గమా?" అని అడిగాడు. నాకు ఇంటికి పోయే బస్సు కళ్లముందు కనబడింది. అప్పుడు బాపు వంగి, ఆ అల్లిక మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపాడు. "నేత సక్కగున్నది బిడ్డా. యాడ వదులు లేదు. అన్నిటిని కలిపి నేసుడు ఒక్కటి ఇడిసిపెట్టు, మేస్త్రీవైతవ్." సేఠు బాపును చూసి, నన్ను చూసి, సరిచేయడానికి సాయంత్రం దాకా గడువిచ్చాడు. నేసింది విప్పడం నేయడం కన్నా కష్టమని ఆరోజే తెలిసింది. తీగలు వేరుచేసి మళ్లీ పరిచాక ఇంజను ఎంత తొక్కినా పాట తప్ప ఏమీ వినబడలేదు. మామ ముఖం చిన్నబోయింది. "గా ఈల మల్ల రాదా అల్లుడా? నాకు పండ్లు ఊడుతున్నయ్" అన్నాడు. నేను మేస్త్రీనయ్యాను.

ఇక నేను కల్పించినదేదో చెప్పాలి. గొర్రెలని మీరనుకుంటారు. కాదు, అవి నిజంగానే వచ్చాయి (లెక్క మాత్రం నాది). కల్పించింది బాపు మాట. ఆయన ఆ అల్లిక మీద వేలు నడిపిన మాట నిజం. ఆ తర్వాత ఏమీ అనకుండా తువ్వాలు దులుపుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు. గడువు నేనే సేఠును బతిమాలి తెచ్చుకున్నాను. ఆ మాటలు నేనే రాసి, ఇన్నేళ్లుగా బాపు గొంతుతో నాకు నేనే చెప్పుకుంటున్నాను. విచిత్రమేమిటంటే, అన్నింటినీ పెంచి చెప్పే నేను ఆ రెండు ముక్కల్ని మాత్రం ఒక్క అక్షరం కూడా పెంచలేదు. బాపు అంతకంటే ఎక్కువ అన్నాడంటే నేనే నమ్మను.